పీఎస్5: డిస్క్ ఉన్నదా, డిజిటలా? పదివేల తేడా మీద పంచాయితీ

గోదారి_గేమర్ | రాజమండ్రి | 2025 డిసెంబర్ 6, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చిన పీఎస్5, అదే సోనీ వాళ్ల గేమ్ మెషీన్, ఈ నెల కొనేద్దామని గట్టిగా అనుకున్నాను. ఇంట్లో పర్మిషన్ కూడా దొరికింది, అసలు వార్త అదే.

తీరా షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు "డిజిటల్ తీసుకోండి సార్, డిస్కులు ఇప్పుడెవరు కొంటున్నారు" అన్నాడు. డిజిటల్ అంటే డిస్క్ పెట్టే డ్రైవ్ ఉండదు, గేమ్‌లన్నీ నెట్ నుంచే దించుకోవాలి. ఇంటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేస్తే "డిజిటల్ కొంటే నాతో మాట్లాడకు" అన్నాడు. పీఎస్5లో సన్నటి స్లిమ్ మోడల్ మన దగ్గరికి వచ్చినప్పుడు, అంటే 2024 ఏప్రిల్‌లో, డిస్క్ ఉన్నది 54,990, లేనిది 44,990. ఇప్పుడు ఆఫర్లను బట్టి షాపుకో రేటు చెబుతున్నారు కానీ నేను అడిగిన చోట తేడా ఇంచుమించు అంతే ఉంది.

నేను ఆడేవి కథ ఉన్న గేమ్‌లు. మావాడు ఏడో తరగతి, వాడికి ఫుట్‌బాల్, స్పైడర్‌మ్యాన్. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, వర్షం పడనంతకాలం బాగానే ఉంటుంది. పదివేలు ఎక్కువ పెట్టి ఆ డ్రైవ్ తీసుకోవడం దండగా, పనికొచ్చేదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సీటీసీ_సీను | సికింద్రాబాద్ | ఉదయం 9:40

డిస్క్. ఇందులో చర్చ ఏముంది అన్నా.

లెక్క నేను చెప్తా. సోనీ సొంత గేమ్ కొత్తది 4,999. విడుదలైన వారంలో కొంటాను, మూడు వారాల్లో అయిపోతుంది. నాలుగో వారం పాత గేమ్‌లు అమ్ముకునే గ్రూపులో పెడితే మూడు వేలు, మూడున్నర వేలకి పోతుంది. అంటే నాకు పడింది పదిహేను వందలు, రెండు వేలు. ఇలా ఏడాదికి మూడు గేమ్‌లు తిప్పితే నీ పదివేలు మొదటి ఏడాదిలోనే వచ్చేస్తాయి. డిజిటల్‌లో 4,999 పెట్టావంటే అది గోదాట్లో వేసినట్టే. మీ ఊరి గోదారే కాబట్టి నీకు ఇంకా దగ్గర.

నేను వ్యాపారిని కాదు, ముందే చెప్తున్నా. ఇక్కడి కంప్యూటర్ షాపుల చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి తిరిగి ఈ పేరు పడింది, అంతే.

రాత్రి_డ్యూటీ | గచ్చిబౌలి | ఉదయం 11:05

సీను లెక్కలో ఒకటి వదిలేశాడు. విడుదలైన వారంలో 4,999 పెట్టేది ఎవరు? నేను ఆరు నెలలు ఆగుతాను. పండగ సేల్‌లో అదే గేమ్ సగానికి, ఒక్కోసారి పావు ధరకి వస్తుంది. ఎవడికో ఫోన్ చేసి, మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి, "గీత పడింది బ్రో, రెండొందలు తగ్గించు" అని బేరమాడే ఓపిక నాకు లేదు.

పొద్దున ఆరింటికి షిఫ్ట్ దిగి వస్తాను. సోఫాలోంచి లేవకుండా గేమ్ మారాలి. డిజిటల్.

సీటీసీ_సీను | ఉదయం 11:09

బద్ధకానికి పదివేలు మిగిలాయన్నమాట. శుభం.

పాత_క్యాసెట్ | హనుమకొండ | మధ్యాహ్నం 1:30

గోదారి తమ్ముడూ, నేను డిస్క్ మనిషినే. పాత టీవీ గేమ్ క్యాసెట్లు ఇప్పటికీ అట్టపెట్టెలో ఉన్నాయి. కాంట్రా ఆడకపోతే తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం చూడు, ఆ కాలం వాణ్ని. అయినా నీకు ఒక మాట చెప్పాలి, సీను చెప్పనిది.

అప్పట్లో క్యాసెట్ చేతిలో ఉందంటే గేమ్ చేతిలో ఉన్నట్టే. ఇప్పుడు డిస్క్ చేతిలో ఉంటే, గేమ్ లోపల ఉందో లేదో నువ్వు వెతుక్కోవాలి. ఈ ఏడాది మే నెలలో డూమ్: ది డార్క్ ఏజెస్ అనే గేమ్ వచ్చింది. దాని డిస్క్‌లో ఎంత ఉందో తెలుసా? 85 ఎంబీ. జీబీ కాదు, ఎంబీ. మిగతాదంతా నెట్ నుంచి దించుకోవాలి. పీఎస్5 డిస్క్‌లో 100 జీబీ దాకా పడుతుంది, చోటు లేక కాదు. విడుదల తేదీకి తొందర, చివరి రోజు దాకా మార్పులు, రెండో డిస్క్ వేస్తే ఖర్చు. అన్నీ కలిసి ఆ గుండ్రటి ప్లాస్టిక్ తాళంచెవిగా మిగిలింది.

నింటెండో వాళ్లు ఈ పని బహిరంగంగానే చేశారు. జూన్ 5న వాళ్ల గేమ్ మెషీన్ స్విచ్ 2 వచ్చింది కదా, దానికి గేమ్-కీ కార్డ్ అని ఒకటి పెట్టారు. కార్డ్‌లో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే. పెట్టె మీదే ఆ సంగతి రాసి ఉంటుంది. కనీసం చెప్పారు. అదే స్విచ్ 2కి సైబర్‌పంక్ 2077 అనే గేమ్ వాళ్లు 64 జీబీ కార్డ్‌లో మొత్తం గేమ్ పెట్టి ఇచ్చారు. చేయాలనుకుంటే అవుతుందని దాన్ని బట్టే తెలుస్తోంది.

కాబట్టి డ్రైవ్ కొను, వద్దనను. కానీ "డిస్క్ ఉంటే గేమ్ నాదే" అని ధీమాగా ఉండకు. డజ్ ఇట్ ప్లే అని ఒక సైట్ ఉంది, ఏ డిస్క్ నెట్ లేకుండా ఆడుతుందో పరీక్షించి రాస్తారు. కొనేముందు అందులో చూసుకో.

కడప_డేటా | ప్రొద్దుటూరు దగ్గర పల్లె | మధ్యాహ్నం 2:02

85 ఎంబీ!!! మా ఊళ్లో పెళ్లి వీడియో వాట్సాప్‌లో పంపినా అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

నా గోడు వినండి. మా పల్లెకి ఫైబర్ రాలేదు. ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, రోజుకి 2 జీబీ. 100 జీబీ గేమ్ దించాలంటే 50 రోజులు, అదీ ఇంట్లో ఇంకెవరూ ఫోన్ ముట్టుకోకపోతే. అందుకే పట్టుబట్టి డిస్క్ మెషీన్ కొన్నాను. పోయిన సంక్రాంతికి ఒక గేమ్ (పేరు ఎందుకులే) డిస్క్ ఆర్డర్ పెట్టాను. వచ్చింది, పెట్టాను, "అప్‌డేట్ 38 జీబీ" అంది. నెట్ తీసేసి ఆడదామంటే మొదటి మెనూ దాటి కదలదు. చివరికి మెషీన్‌ని టవల్‌లో చుట్టి, బైక్ మీద మా పిన్ని వాళ్లింటికి ప్రొద్దుటూరు తీసుకెళ్లి, రాత్రంతా అక్కడ దించి, పొద్దున వెనక్కి తెచ్చుకున్నా. దారిలో ఎదురైన ప్రతివాడూ "బిడ్డా ఏంది అది" అని అడిగినారు.

రాత్రి_డ్యూటీ | మధ్యాహ్నం 2:06

టవల్‌లో చుట్టిన మెషీన్ 😂😂 పిన్ని ఏమన్నారు?

కడప_డేటా | మధ్యాహ్నం 2:10

"కరెంటు బిల్లు ఎంత వస్తుంది రా" అనింది.

లెవెల్_లక్ష్మి | విశాఖపట్నం | మధ్యాహ్నం 3:48

నేను పీసీ మనిషిని కాబట్టి ఈ గొడవ మాకు పదిహేనేళ్ల కిందే అయిపోయింది, పీసీ గేమ్ డిస్కులు ఎప్పుడో కనుమరుగయ్యాయి. అయినా నాలుగు ముక్కలు.

ఒకటి, "కొన్నాను" అనే మాటే తప్పని ఇప్పుడు షాపులే ఒప్పుకుంటున్నాయి. కాలిఫోర్నియాలో 2024 సెప్టెంబర్‌లో చట్టం చేశారు, ఈ ఏడాది జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని బటన్ పెట్టకూడదు. ఆ దెబ్బకి పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే స్టోర్‌లో డబ్బు కట్టే పేజీలోనే ఆ లైన్ వచ్చి కూర్చుంది. ఈసారి సేల్‌లో చూడండి.

ఇంకా ఘోరం ఏంటంటే, స్టీమ్ అకౌంట్‌ని వీలునామాలో రాయడానికి లేదు. నిరుడు ఒకాయన అడిగితే, అకౌంట్ గానీ గేమ్‌లు గానీ ఇంకొకరికి బదిలీ కావు, వీలునామాతో కూడా కుదరదు అని సపోర్ట్ వాళ్లు తేల్చి చెప్పారు. మా అమ్మమ్మ గాజులు నాకొచ్చాయి. నా నాలుగొందల గేమ్‌లు మాత్రం నాతోనే పోతాయి. అందులో మూడొందల యాభై నేను తెరవనేలేదు, అది వేరే సంగతి.

ఇక ఈ గొడవ మరీ పడనివాళ్లకి గాగ్ అనే స్టోర్ ఉంది. ఇన్‌స్టాలర్ ఫైలే ఇచ్చేస్తారు, తాళాలు ఉండవు. హార్డ్ డిస్క్‌లో దాచుకుంటే స్టోర్ మూసేసినా మీ గేమ్ ఆడుతుంది. నా ఉద్దేశంలో కొనడం అంటే అది. డిస్క్ కాదు.

నాలుగోది మర్చిపోయా. గుర్తొస్తే రాస్తా.

పాత_క్యాసెట్ | సాయంత్రం 4:15

లక్ష్మి గారూ, గాజుల మాట బాగుంది. మా నాన్న పోయాక ఆయన ఘంటసాల క్యాసెట్లు మేం ముగ్గురు అన్నదమ్ములం పంచుకున్నాం. టేప్‌రికార్డర్ ఎవరి దగ్గరా లేదు. అయినా పంచుకున్నాం.

డాలస్_బావ | డాలస్ | సాయంత్రం 6:20

ఇక్కడ పొద్దున్న. కాఫీ తాగుతూ చదివా.

అమెరికాలో డిస్క్ పరిస్థితి మీరనుకున్నంత గొప్పగా లేదు. బెస్ట్ బై అనే పెద్ద షాపుల కంపెనీ నిరుడు సినిమా డిస్కులు అమ్మడం మానేసింది, గేమ్‌లు మాత్రం ఉంచింది. ధరలు చూస్తే మారియో కార్ట్ వరల్డ్ అనే గేమ్‌కి నింటెండో 80 డాలర్లు పెట్టింది. దాన్ని చూసి మైక్రోసాఫ్ట్ కూడా ఔటర్ వరల్డ్స్ 2కి 80 అంది, జనం తిట్టేసరికి జులైలో 70కి దిగింది. తిడితే పని జరుగుతుంది అప్పుడప్పుడూ.

అసలు చెప్పాల్సింది ఇది. ఇండియా వస్తున్నానంటే చాలు, "బావా, ఒక డిస్క్ తెచ్చిపెట్టు" అంటారు. పీఎస్5లో ఏ దేశం డిస్క్ అయినా ఆడుతుంది, నిజమే. కానీ ఆ గేమ్‌కి అదనపు ఎపిసోడ్ తర్వాత కొనాలనుకుంటే, డిస్క్ ఏ ప్రాంతానిదో అకౌంట్ కూడా ఆ ప్రాంతానిదే ఉండాలి. అమెరికా డిస్క్ పెట్టి ఇండియా అకౌంట్‌లో కొంటే చాలావాటికి అతకదు. మా మరదలు కొడుక్కి ఇలాగే అయ్యింది, తప్పు నాదని ఇప్పటికీ పెళ్లిళ్లలో అంటుంటారు.

మెషీనే తెమ్మనేవాళ్లకి: కస్టమ్స్‌లో సుంకం లేకుండా వదిలేది ఈ 2025లో 50,000 వరకే. పైగా వారంటీ ఇక్కడిది అక్కడ చెల్లదు. దయచేసి రాజమండ్రిలోనే కొనుక్కోండి.

గోదారి_గేమర్ | రాత్రి 7:45

అమ్మో, ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు. డాలస్ బావ గారూ, భయపడకండి, మిమ్మల్ని ఏమీ తెమ్మనను.

ఒక అనుమానం. ఎలాగూ ఖర్చు పెడుతున్నాను, ఇంకా ఖరీదైన మోడల్ పీఎస్5 ప్రో తీసుకుంటే? ఇంకోటి, జీటీఏ 6 గేమ్ డిస్క్‌లో వస్తుందా? అది వస్తే డ్రైవ్ తీసుకోవడానికి ఒక్క కారణం దొరికినట్టే.

సీటీసీ_సీను | రాత్రి 7:58

ప్రో సంగతి మర్చిపో. 2024 నవంబర్‌లో ప్రపంచమంతా విడుదల చేసినప్పుడు ఇండియాకి ఇవ్వమన్నారు. కారణం వింటే నవ్వొస్తుంది. దాంట్లో వైఫై 7 ఉంది, అది వాడే 6 గిగాహెర్ట్‌జ్ బ్యాండ్‌కి మన దేశంలో అప్పటికి అనుమతి లేదు. సోనీ వాళ్లే ఆ మాట చెప్పారు. వైఫై కోసం గేమ్ మెషీన్ ఆగిపోయింది. మార్కెట్‌లో బయటి నుంచి తెచ్చి అమ్మేవాళ్లు ఉన్నారు, రేటు అడిగితే కళ్లు తిరుగుతాయి. పైగా ప్రోలో డిస్క్ డ్రైవే రాదు, 700 డాలర్లకి విడుదలైన మెషీన్‌కి డ్రైవ్ విడిగా కొనాలి.

జీటీఏ 6 అంటావా... ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 2025లో అన్నారు, 2026 మే 26 అన్నారు, పోయిన నెల మళ్లీ జరిపి నవంబర్ 19 అన్నారు. ముందు గేమ్ రానీ.

వైజాగ్_వేడి | గాజువాక | రాత్రి 9:30

అసలు కన్సోల్, అదే ఈ గేమ్ మెషీన్, ఎందుకు గురూ, పీసీ కట్టుకో. ఆ డబ్బుకి ఇంకొంచెం వేస్తే...

లెవెల్_లక్ష్మి | రాత్రి 9:34

ఈ నెలలో పీసీ కట్టుకోమంటున్నావా? ర్యామ్ రేటు చూశావా నువ్వు? ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ఎత్తుకుపోతున్నాయి. మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ వాళ్లు మూడు రోజుల కిందే ప్రకటించారు, క్రూషల్ బ్రాండ్‌నే మూసేస్తున్నారట. ఫిబ్రవరి దాకా సరుకు పంపి ఆపేస్తారు. ఇన్నేళ్లుగా మనలాంటి వాళ్లం లాప్‌టాప్‌కి ఒక ర్యామ్ స్టిక్ అదనంగా వేయించుకున్నది ఆ బ్రాండే. మామూలు మనిషికి అమ్మడం కన్నా డేటా సెంటర్‌కి అమ్మితే లాభం ఎక్కువ, అంతే.

వైజాగ్_వేడి | రాత్రి 9:41

చూడలేదక్కా. ఇప్పుడు చూశా. గురూ, కన్సోలే కొనుక్కో.

రాత్రి_డ్యూటీ | రాత్రి 9:50

స్టీమ్ స్టోర్ నడిపే వాల్వ్ వాళ్ల గేమ్ మెషీన్, స్టీమ్ మెషీన్ వస్తుందిగా వచ్చే ఏడాది? దాని కోసం ఆగొచ్చు.

సీటీసీ_సీను | రాత్రి 9:52

వాళ్లదే చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్కే మన దగ్గర అధికారికంగా అమ్మలేదు. అది 2022లో వచ్చింది. ఆగు, ఆగు, బాగా ఆగు.

వేదిక_పెద్ద (నిర్వాహకులు) | రాత్రి 10:00

ర్యామ్ ఏడుపులకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే 14 పేజీలు ఏడ్చారు. ఇక్కడ గోదారి గారి డిస్క్ సంగతి తేల్చండి.

బిల్డ్_బద్దలు | హైదరాబాద్ | డిసెంబర్ 7, ఉదయం 10:20

నేను గేమ్‌లు తయారుచేసే పనిలోనే ఉన్నాను, కంపెనీ పేరు అడగొద్దు. సీను లెక్క చదివాక ఆగలేక రాస్తున్నాను.

నువ్వు మూడున్నర వేలకి అమ్మిన డిస్క్‌లో గేమ్ చేసినవాళ్లకి ఒక్క రూపాయి రాదు. ఒకే డిస్క్ నలుగురి చేతులు మారితే మాకు ఒకరే కొన్నట్టు. నేనేమీ తప్పు పట్టట్లేదు, నా చిన్నప్పుడు కోఠిలో సెకండ్‌హ్యాండ్ పుస్తకాలతోనే చదువుకున్నాను. కానీ కంపెనీలు డిస్క్‌ని ఎందుకు చంపాలనుకుంటున్నాయో అర్థం కావాలంటే ఈ ముక్క తెలియాలి. అమ్మే డిజిటల్ స్టోర్ కంపెనీదే అయితే సెకండ్‌హ్యాండ్ అనేదే ఉండదు. ధర తగ్గించాలా వద్దా, ఎప్పుడు తగ్గించాలి అన్నది ఆ కంపెనీ చేతిలోనే ఉంటుంది.

అలాగని ఆ మిగిలిన డబ్బు మాకేమైనా వచ్చిందా అంటే అదీ లేదు. మైక్రోసాఫ్ట్ 68.7 బిలియన్ డాలర్లు పెట్టి యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని కొని, నాలుగు నెలలు తిరక్కుండా 2024 జనవరిలో 1,900 మందిని తీసేసింది. ఈ జులైలో కంపెనీ మొత్తం మీద 9,000 మంది వరకు, అందులో గేమ్‌ల వాళ్లూ ఉన్నారు, పర్ఫెక్ట్ డార్క్ లాంటి గేమ్‌లు మధ్యలోనే ఆపేశారు. నిరుడు నవంబర్‌లో ఇక్కడే హెచ్‌ఐసీసీలో గేమ్‌లు తయారుచేసేవాళ్ల సభ ఐజీడీసీ జరిగినప్పుడు వెళ్లాను. స్టేజీ మీద భవిష్యత్తు బ్రహ్మాండం అంటున్నారు, టీ స్టాల్ దగ్గర అందరూ "మీ దగ్గర ఓపెనింగ్స్ ఉన్నాయా" అంటున్నారు.

సీటీసీ_సీను | ఉదయం 10:44

అన్నా, నీ మాట కాదనను. కానీ నాకొచ్చే జీతానికి 4,999 పెట్టి గేమ్ కొనగలుగుతున్నానంటే, అమ్మితే మూడువేలు వెనక్కి వస్తాయన్న ధైర్యంతోనే. ఆ ధైర్యం తీసేస్తే నేను కొత్తగా కొనేదే లేదు. అప్పుడు ఆ ఒక్క అమ్మకం కూడా మీకు పోతుంది.

బిల్డ్_బద్దలు | ఉదయం 10:51

నిజమే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

రాత్రి_డ్యూటీ | మధ్యాహ్నం 12:30

ఇప్పుడే లేచాను. నాకు అర్థం కానిది ఒకటే. నాది, నాది అని ఈ తాపత్రయం ఎందుకు? గేమ్ ఒకసారి ఆడతాం, అయిపోతుంది. సినిమా టికెట్ కొంటే థియేటర్ నాదవ్వాలని అడుగుతామా? పదేళ్ల కిందటి గేమ్ సర్వర్ ఆపేశారని యూరప్‌లో సంతకాలు సేకరించడం నాకు మరీ అతిగా అనిపించింది.

పాత_క్యాసెట్ | మధ్యాహ్నం 1:15

టికెట్ మీద షో టైమ్ రాసి ఉంటుంది తమ్ముడూ. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు బయటికి రావాలో నీకు ముందే తెలుసు. ది క్రూ అనే కార్ల గేమ్ 2014 డిసెంబర్‌లో కొన్నవాళ్లకి పెట్టె మీద "2024 మార్చి 31 వరకు" అని ఎక్కడా రాసి ఇవ్వలేదు. ఆ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్ ఆపింది, ఒక్కడివే ఆడుకునే భాగం కూడా ఆగిపోయింది. డిస్క్ ఉన్నవాడూ, డిజిటల్ వాడూ ఇద్దరూ ఒకే చోట కూర్చున్నారు. ఆ 2024 మొదట్లోనే ఆ కంపెనీలో సబ్‌స్క్రిప్షన్లు చూసే ఆయన, సీడీలు డీవీడీలు సొంతంగా లేకపోవడానికి జనం అలవాటు పడ్డారు, గేమ్‌లకీ అలా అలవాటు పడాలి అన్నట్టు మాట్లాడాడు. సరిగ్గా అప్పుడే ఈ పని.

రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ మొదలుపెట్టింది అందుకే. సర్వర్ కలకాలం నడపమని వాళ్లు అడగట్లేదు. ఆపేసేటప్పుడు ఆడుకోవడానికి ఏదో ఒక దారి వదిలి వెళ్లమంటున్నారు. యూరప్‌లో జులైకల్లా పది లక్షల సంతకాలు దాటాయి. పోయిన నెల బ్రిటన్ పార్లమెంట్‌లో కూడా చర్చకొచ్చింది. మనం సంతకం పెట్టడానికి లేదు, కానీ అక్కడ రూల్ మారితే ఇక్కడికీ అదే గేమ్ వస్తుంది కదా.

అతి అన్నావు. సరే. సోనీ వాళ్ల కాంకర్డ్ గేమ్ గుర్తుందా? నిరుడు ఆగస్టు 23న విడుదల, సెప్టెంబర్ 6న మూత. రెండు వారాలు. డబ్బు తిరిగి ఇచ్చారనుకో, అది సోనీ మర్యాద. ఇవ్వకపోతే అడగడానికి ఏ కాగితం ఉంది మన దగ్గర?

బిల్డ్_బద్దలు | మధ్యాహ్నం 1:50

మా వైపు ఇబ్బంది కూడా చెప్పనివ్వండి. గేమ్ మొదటి రోజు నుంచీ సర్వర్ మీద ఆధారపడేలా కట్టాక, పదేళ్ల తర్వాత దాన్ని విడదీయడం పాత ఇంట్లో పునాది మార్చినట్టే. సర్వర్ కోడ్‌లో వేరే కంపెనీల దగ్గర లైసెన్స్‌కి తీసుకున్న ముక్కలుంటాయి, వాటిని బయటపెట్టే హక్కు మాకుండదు. కార్ల కంపెనీలతో, పాటల కంపెనీలతో ఒప్పందాల గడువు అయిపోతుంది. అది రాసినవాళ్లు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటారు.

కానీ "అసలు కుదరదు" అంటే మాత్రం నమ్మకండి. ఇంత గొడవ జరిగాక అదే యూబీసాఫ్ట్ ది క్రూ 2కి ఆఫ్‌లైన్‌లో ఆడే ఏర్పాటు చేసి ఈ అక్టోబర్‌లో ఇచ్చింది. మొదటి రోజే ప్లాన్‌లో రాసుకుంటే ఖర్చు తక్కువ. చివర్లో చేయాలంటే ఎవరూ సంతకం పెట్టరు.

లెవెల్_లక్ష్మి | మధ్యాహ్నం 2:20

నాలుగోది గుర్తొచ్చింది!

సినిమాలకీ ఇదే జరిగింది. 2023 డిసెంబర్‌లో సోనీ వాళ్లు ప్లేస్టేషన్‌లో డబ్బు పెట్టి కొన్న డిస్కవరీ కార్యక్రమాలన్నీ నెలాఖరుకి మీ లైబ్రరీ నుంచి తీసేస్తాం అని మెయిల్ పంపారు. గోల అయ్యాక మళ్లీ ఒప్పందం కుదుర్చుకుని ఆపారు. వాళ్ల పాత మెషీన్లు పీఎస్3, వీటాల స్టోర్‌లు మూసేస్తామని 2021 మార్చిలో అన్నప్పుడూ అంతే, ఏప్రిల్‌లో వెనక్కి తగ్గారు. డాలస్ బావ గారన్నట్టు, తిడితే పని జరుగుతుంది. కానీ నింటెండో 3డీఎస్, వీ యూ స్టోర్‌లు 2023 మార్చి 27న మూసేసింది, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ నిరుడు జులై 29న పోయింది. తిట్టినవాళ్లు తక్కువయ్యారేమో. ఆ పాత మెషీన్లకి సెకండ్‌హ్యాండ్ డిస్కులు, కార్డులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇది చెప్పాక నేను డిస్క్ పార్టీలోకి వచ్చేసినట్టుంది, చూసుకోలేదు.

రాత్రి_డ్యూటీ | మధ్యాహ్నం 2:31

పాత_క్యాసెట్ గారూ, టికెట్ మీద షో టైమ్ అన్న ముక్కకి ఒప్పుకున్నా. డిజిటలే కొంటాను గానీ.

గోదారి_గేమర్ | డిసెంబర్ 8, రాత్రి 8:10

కొనేశాను. డిస్క్ ఉన్నదే.

మీ చర్చంతా నిన్న రాత్రి ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ లైసెన్స్ గొడవ దగ్గర ఆవలించింది, గాజుల దగ్గర తలెత్తింది. మావాడు మాత్రం సీను లెక్క రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. పొద్దున స్కూలుకి వెళ్లొచ్చి చెప్పాడు, వాళ్ల క్లాసులో ముగ్గురి దగ్గర పీఎస్5లు ఉన్నాయట, ఒకడి దగ్గర స్పైడర్‌మ్యాన్ 2 డిస్క్ ఉందట, "మనం ఏదైనా కొంటే వారం వారం మార్చుకుందాం" అన్నాడట. ఏడో తరగతి కుర్రాళ్లు చేసుకున్న ఒప్పందం ఇది. షాపులో ఆ కుర్రాడు మళ్లీ "డిజిటల్..." అని మొదలెట్టాడు, మావాడే "అంకుల్, డిజిటల్ అయితే అప్పివ్వడానికి కుదరదు" అన్నాడు.

బిల్డ్_బద్దలు గారూ, మీకు క్షమాపణలు. మొదటిది మాత్రం కొత్తదే కొన్నాను, ఆస్ట్రో బాట్.

బిల్డ్_బద్దలు | రాత్రి 8:25

క్షమించాను. మంచి గేమ్, నిరుడు గేమ్ అవార్డ్స్‌లో మొదటి బహుమతి దానికే. మీ ఆవిడ చేత కూడా ఒక లెవెల్ ఆడించండి.

సీటీసీ_సీను | రాత్రి 8:31

మీ వాడు హైదరాబాద్ వస్తే చెప్పు అన్నా. బేరం నేర్పక్కర్లేదు, నేనే నేర్చుకుంటా.

రాత్రి_డ్యూటీ | రాత్రి 8:40

క్లాసులో ఫుట్‌బాల్ గేమ్ ఎవడి దగ్గర ఉందో వాడు ఈ వ్యాపారానికి రాజు, చూస్తూ ఉండండి.

కడప_డేటా | రాత్రి 9:05

గోదారి అన్నా, ఆస్ట్రో బాట్ మీవాళ్లు ఆడేసినాక ప్రొద్దుటూరుకి కొరియర్ చేస్తావా? చార్జీ రెండు వైపులా నాదే, నా దగ్గరున్న రెండు డిస్కులు నీకు పంపుతా. కాకపోతే ఒక్క పని చేసిపెట్టు. వైఫై ఆపేసి, డిస్క్ పెట్టి, మొదటి మెనూ దాటుతుందో లేదో చూసి చెప్పు. పిన్ని ఈసారి రానివ్వనంటోంది.